రోడ్డు పక్క డ్రెయిన్లు, తూములు: డెల్టాలో అపోహలు - వాస్తవాలు

గోదావరి డెల్టాలో రోడ్డు పక్క డ్రెయిన్ గురించి అభిప్రాయం లేని మనిషి ఉండడు. నారుమడి మునిగిన రైతుకు ఉంటుంది, గుమ్మంలోకి నీళ్లొచ్చిన ఇంటివారికి ఉంటుంది, సర్పంచ్ గారికి మరీ ఉంటుంది. డ్రెయిన్లు, తూములు డిజైన్ చేసేవాడిగా తరచూ వినే మాటలు కొన్ని, వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: లోతుగా తవ్వితే నీరు దానంతట అదే పోతుంది.

నీటిని నడిపేది వాలు. ధవళేశ్వరం నుంచి అంతర్వేది తీరం దాదాపు 75 కిలోమీటర్లు. అంత దూరంలో నేల దిగేది పదమూడు, పద్నాలుగు మీటర్లకు మించదు. అంటే సగటున కిలోమీటరుకు 20 సెంటీమీటర్లు కూడా రాదు. 60 సెంటీమీటర్ల వెడల్పున్న సిమెంటు డ్రెయిన్‌ను కిలోమీటరుకు 20 సెంటీమీటర్ల వాలుతో వేశామనుకుందాం. అందులో నీరు 60 సెంటీమీటర్ల లోతున పారితే, వాలు, కాలువ ఆకారం, గరుకుదనాన్ని బట్టి వేగం లెక్కగట్టే మ్యానింగ్ సూత్రం ప్రకారం వేగం సెకనుకు సుమారు 32 సెంటీమీటర్లు, ప్రవాహం సెకనుకు సుమారు 115 లీటర్లు. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున వాన పడుతుంటే, కొంత నేలలోకి ఇంకిపోగా, ఇళ్లూ దొడ్లూ కలిసిన మూడున్నర ఎకరాల నీటికే అది సరిపోతుంది. ఊరంతటికీ అదొక్కటే డ్రెయిన్ అయితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

పైగా మట్టి అడుగున పేరుకోకుండా ఉండాలంటే వేగం సెకనుకు 60 సెంటీమీటర్లయినా ఉండాలి. ఇదే డ్రెయిన్‌లో ఆ వేగం రావాలంటే కిలోమీటరుకు 70 సెంటీమీటర్ల వాలు కావాలి. డెల్టాలో అంత వాలు ఎక్కడి నుంచి తెస్తాం? అందుకే ఇక్కడ పూడికతీత కూడా డిజైన్‌లో భాగమే. ఆ ఖర్చు చూపని అంచనా నా దృష్టిలో సగం అంచనా.

ఇక లోతు సంగతి. డ్రెయిన్ చివర కలిసే మురుగు కాలువ నీటిమట్టం కంటే కిందికి తవ్విన భాగం వట్టి తొట్టి. అందులో దోమలు పెరుగుతాయి. కాబట్టి ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషన్‌ను నేను ముందు ఊళ్లో పెట్టను, మురుగు కాలువ గట్టు మీద పెడతాను. సార్వా (వానాకాలం వరి) ఊడ్పుల తరువాత, ఆగస్టులో ఆ కాలువ ఎంతవరకు నిండుతుందో అక్కడి రైతులు వేలుపెట్టి చూపిస్తారు. ఆ మట్టం దగ్గర మొదలుపెట్టి ఎగువకు లెక్క కట్టుకుంటూ రావాలి. తీరానికి దగ్గరి కాలువల్లో, ఉప్పుటేరు చివర, రోజుకు రెండుసార్లు పోటు వచ్చి దారి మూసేస్తుంది. అక్కడ నీరు పోయేది పాటు సమయంలోనే, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడే. ఆ కొన్ని గంటల్లో ఎంత నీరు దిగుతుందన్నదే అక్కడి అసలు లెక్క.

అపోహ: పక్కనే పంట కాలువ ఉంది కదా, అందులోకి వదిలేస్తే సరి.

పంట కాలువ మెరక మీద పారుతుంది. చేలకు నీరు దానంతట అదే దిగాలంటే అలా పారాలి మరి. నిండు కాలువ మట్టం తరచుగా మీ వీధి కంటే ఎత్తున ఉంటుంది. అందులోకి తూము తెరిస్తే కాలువ నీరే ఊళ్లోకి వస్తుంది. ఒకవేళ మీ వీధి నీరే అటు వెళ్లినా, దిగువ ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది ఆ కాలువతోనే. ఈ సలహా చెప్పేవారికి ఆ సంగతి గుర్తుండదు.

అపోహ: రెండు చిన్న పైపులు వేస్తే ఒక పెద్ద పైపుతో సమానం.

ఒకే వాలులో 900 మిల్లీమీటర్ల పైపు ఒక్కటి మోసే నీటికి 600 మిల్లీమీటర్ల పైపులు దాదాపు మూడు కావాలి. గుర్రపుడెక్క వచ్చి అడ్డం పడితే ముందు మూసుకునేవీ చిన్నవే.

అపోహ: రోడ్డు కింది తూము ఎంత చిన్నదైనా పరవాలేదు, నీరు ఒత్తిడితో తోసుకుపోతుంది.

తోసుకుపోతుంది, నిజమే. ఆ ఒత్తిడి మాత్రం ఎగువ రైతు చేనులోంచి వస్తుంది. రెండు వైపులా మునిగిన 900 మిల్లీమీటర్ల పైపు తూములో, పొడవు 10 మీటర్లు అనుకుంటే, నీరు సెకనుకు మీటరు వేగంతో వెళ్లడానికి ఎగువ, దిగువ మట్టాల మధ్య సుమారు 9 సెంటీమీటర్ల తేడా కావాలి. కొండ ప్రాంతంలో 9 సెంటీమీటర్లు ఎవరికీ పట్టవు. ఇక్కడ అది దాదాపు అర కిలోమీటరు నేల వాలుతో సమానం. ఒకే కాలువ మీద అలాంటివి నాలుగు ఉంటే ఎగువ చేలలో అడుగుకు పైగా నీరు అదనంగా నిలుస్తుంది. ఊడ్చిన కొత్తలో వరికి అది చాలు, కుళ్లిపోవడానికి. అదే ప్రవాహానికి తూము వైశాల్యం రెట్టింపు చేస్తే వేగం సగమవుతుంది, ఆ మట్టాల తేడా సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే తూము దగ్గర పొదుపు చేయాలనే మాట నాకు నచ్చదు.

అపోహ: రోడ్డు ఎత్తు పెంచితే మునక తగ్గుతుంది.

రోడ్డుకు తగ్గుతుంది. నీటి దారికి అడ్డంగా ఉన్న రోడ్డును ఎత్తు చేస్తే అది గట్టవుతుంది. పాత రోడ్డు మీదుగా పొర్లిపోయిన వరద నీటికి ఇప్పుడు తూములే దారి. వాటిని పాత కొలతల్లోనే ఉంచి రోడ్డును మాత్రం పెంచడం చాలా చోట్ల చూస్తున్నాను. చేలు చేపల చెరువులుగా మారిన చోట పరిస్థితి ఇంకా కష్టం. ఒకప్పుడు వాన నీరు కాసేపు పరచుకుని నిలిచిన జాగా ఇప్పుడు గట్ల వెనక ఉంది.

అపోహ: మా గేటు ముందు చిన్న పైపు వేసి ర్యాంపు కడితే డ్రెయిన్‌కు వచ్చే నష్టమేమీ లేదు.

పైన చెప్పిన 115 లీటర్ల డ్రెయిన్‌కు అడ్డంగా ఆరంగుళాల పైపు పెడితే, అదే వాలులో దాని గుండా సెకనుకు పోయేది రెండు లీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. మిగిలింది పక్కింటి గుమ్మానికి ఎక్కుతుంది. బండి లోపలికి రావాలంటే డ్రెయిన్ గోడల మీద ఎత్తి తీయగలిగే పలకలు వేసుకోండి. వేసవిలో పూడిక తీయడానికి మనుషులు వచ్చినప్పుడు వాటిని పక్కకు జరపవచ్చు.