పోకెమాన్ చూస్తే ఫిట్స్ వస్తాయా? అపోహలు - వాస్తవాలు

ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల్ని గీతలుగా చూపే పరీక్ష) ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకి ఈ ప్రశ్న తప్పదు. పిల్లాడి తలకి వైర్లు అతికిస్తుంటే పక్కన నిలబడ్డ తల్లి గొంతు తగ్గించి అడుగుతుంది: "ఆ కార్టూన్లు చూడబట్టే వచ్చిందా మేడం?" అంతలో తండ్రి ఫోన్ తీసి వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూపిస్తాడు. పోకెమాన్ అనే కార్టూన్ చూసి జపాన్‌లో వందలమంది పిల్లలు చనిపోయారని దాని సారాంశం. పాపం, ఆ తల్లికి రాత్రంతా నిద్ర ఉండదు. ఇలాంటివి పుట్టించేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

జరిగింది ఇదీ. 1997 డిసెంబర్ 16 సాయంత్రం జపాన్‌లో టీవీ టోక్యో పోకెమాన్ 38వ ఎపిసోడ్ ప్రసారం చేసింది. గేమ్‌గా మొదలై కార్డులు, బొమ్మలు అంటూ అక్కడి పిల్లల్ని పోకెమాన్ ఊపేస్తున్న రోజులవి. అందులోని ముఖ్యపాత్ర పికాచు మెరుపు క్షిపణులకి తగిలే సీన్‌లో తెరంతా ఎరుపు, నీలం రంగులు సెకనుకి సుమారు 12 సార్లు చొప్పున నాలుగైదు సెకన్లపాటు కొట్టుకున్నాయి. 685 మంది పిల్లల్ని ఆసుపత్రులకి తీసుకెళ్లారు. ఒక్కరు కూడా చనిపోలేదు, చాలామంది త్వరగానే కోలుకున్నారు. నాలుగు నెలలు కార్టూన్ ఆపేశారు. ఇలాంటి మెరుపులకి అక్కడి టీవీ సంస్థలు 1998లో నిబంధనలు పెట్టుకున్నాయి. మెరిసింది పికాచు, నింద పడింది అదే ఎపిసోడ్‌లోని పోరిగాన్ అనే ఇంకో పాత్ర మీద. ఆ తర్వాత కథల్లో పోరిగాన్‌కి మళ్లీ పాత్రే లేదు.

ఆ రాత్రి వార్తల్లో అదే సీన్ మళ్లీ వేస్తే చూసిన ఇంకొందరు పిల్లలకీ ఫిట్స్ వచ్చాయి. కాబట్టి "జాగ్రత్త" అంటూ ఆ సీన్ ఉన్న వీడియోని గ్రూపుల్లో పంపకండి. వచ్చింది వచ్చినట్టు డిలీట్ చేయండి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ: "టీవీ, ఫోన్ మాన్పించేస్తే ఫిట్స్ పోతాయి, మాత్రలతో పనిలేదు."

మూర్ఛ ఉన్నవాళ్లలో మెరిసే వెలుతురు వల్ల ఫిట్స్ వచ్చేది నూటికి ముగ్గురికో ఐదుగురికో. పిల్లల్లో, టీనేజ్‌లో ఇది కాస్త ఎక్కువ. మిగతావాళ్లకి టీవీ ఉన్నా లేకపోయినా ఫిట్స్ వస్తాయి, ఎందుకంటే కారణం మెదడులో ఉంది. ఆ కొద్దిమందిలో కూడా చాలామందికి వెలుతురు లేకుండానే రావచ్చు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకర్తె మా దగ్గరికి వచ్చింది. మొదటిసారి టీవీ ముందు పడిపోయిందట. తండ్రి కేబుల్ కనెక్షన్ తీయించేశాడు. డాక్టరు రాసిన మాత్రలు కొన్నాళ్లు వేసి, "ఇప్పుడు టీవీ లేదుగా" అని ఆపేశారు. ఒకరోజు స్కూల్ మెట్ల మీద ఫిట్స్ వచ్చి గడ్డం పగిలింది. కుట్లు ఇంకా తీయకముందే ఈఈజీకి తీసుకొచ్చారు. వైర్లు పెడుతూ అడిగాను: "పొద్దున బ్రష్ చేసేటప్పుడు చెయ్యి అదురుతుందా తల్లీ?" ఆ పిల్ల అమ్మ వైపు చూసింది. బ్రష్ ఎగిరిపడుతుందట, టీ గ్లాసు జారిపోతుందట. ఒళ్లు దగ్గర పెట్టుకోమని ఇంట్లో రోజూ తిట్లు. అవి కూడా ఫిట్సే. పరీక్షలని రాత్రి ఒంటిగంట దాకా మేలుకున్న మర్నాడు అదురు మరీ ఎక్కువట. పరీక్షలో భాగంగా వేసే మెరిసే లైట్ నేను వేయకముందే ఈఈజీలో తేడా కనిపించింది. రిపోర్టు చూసి న్యూరాలజిస్టు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ (టీనేజ్‌లో మొదలయ్యే, చేతులు అదిరే మూర్ఛ) అని చెప్పారు. మాత్రలు మానితే తిరగబెట్టే రకం ఇది. అందులో నిద్ర చెడితే ఇంకా ప్రమాదం. టీవీ తీయించిన ఇంట్లో ఆ పిల్ల నిద్ర గురించి ఎవరూ అడగలేదు.

డాక్టరుని అడగకుండా మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే స్థితి రావచ్చు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. కార్టూన్ మానేయడం మీ ఇష్టం. మాత్ర మాత్రం మానొద్దు.

దీనికి తిరగేసిన అపోహ కూడా ఉంది: "మావాడు కార్టూన్‌లో మునిగిపోయి పిలిస్తే పలకడండీ." భుజం తడితే పలికితే ఫర్వాలేదు. తింటూ తింటూ, మాట్లాడుతూ మాట్లాడుతూ కూడా పది సెకన్లు గుడ్లప్పగించి ఆగిపోయి, మళ్లీ ఏమీ జరగనట్టు మొదలుపెడితే అదీ ఒక రకం ఫిట్సే కావచ్చు, డాక్టరుకి చూపించాలి. ల్యాబ్‌లో అలాంటి పిల్లాడికి కాగితం ముక్క ఇచ్చి మూడు నిమిషాలు ఊదమంటాం. ఊదుతూ ఊదుతూ సగంలో ఆగుతాడు, రెప్పలు కొట్టుకుంటాయి, అదే క్షణాన స్క్రీన్ మీద గీతలు ఎగిసిపడతాయి. ఇన్నాళ్లూ బద్ధకమని కొట్టాం అంటూ అక్కడే ఏడ్చేసిన నాన్నల్ని చూశాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మెరుపులు వస్తుంటే కళ్లు మూసుకుంటే చాలనుకుంటారు, చాలదు. రెప్పల్లోంచి కూడా వెలుతురు వెళ్తుంది. ఒక కన్నుని అరచేత్తో పూర్తిగా మూసి తల పక్కకి తిప్పుకోమని నేర్పండి. వెలుతురుకి ఫిట్స్ వచ్చే పిల్లలైతే చీకటి గదిలో టీవీ వద్దు, లైట్ వేసి దూరంగా కూర్చోబెట్టండి. మేం ల్యాబ్‌లో వేసే లైట్ వల్ల జబ్బు పుట్టదు. గీతల్లో తేడా రాగానే ఆపేస్తాం. ఫిట్స్ వచ్చినప్పుడు తాళంచెవులు, ఉల్లిపాయ, నోట్లో చెంచా, ఇవేవీ వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి టైమ్ చూడండి, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి బయల్దేరండి. గాలి, దిష్టి సంగతి నేను మాట్లాడను.

ఈఈజీకి వచ్చేటప్పుడు తలస్నానం చేయించి నూనె రాయకుండా తీసుకురండి. మాత్రలు మామూలుగానే వేయండి. వీలైతే ఫిట్స్ వచ్చినప్పుడు ఇంట్లో ఒకరు ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి. డాక్టరుకి కావాల్సింది ఆ వీడియో.