బడి ముందు వాహనాల వేగం తగ్గించమని అడగడం: అపోహలు, వాస్తవాలు

పాఠశాలల చుట్టుపక్కల రోడ్ల భద్రతను పరిశీలించే ఇంజినీరుగా నేను చూసే వినతిపత్రాలలో చాలావరకు ఒకే కోరికతో ముగుస్తాయి: “మా బడి ముందు స్పీడ్ బ్రేకర్ వేయించగలరు.” తల్లిదండ్రుల ఆందోళన న్యాయమైనదే. అయితే అక్కడ ఏ సమయంలో, ఎంత వేగంతో బండ్లు వస్తున్నాయో, పిల్లలు ఏ చోట రోడ్డు దాటుతున్నారో ఆ అర్జీలో ఒక్క ముక్క ఉండదు. అడగవలసింది వేగం తగ్గించమని. దానికి హంప్ (స్పీడ్ బ్రేకర్) వేయాలా, రోడ్డును ఇరుకు చేయాలా అన్నది ఆ స్థలాన్ని చూశాక తేల్చవలసిన విషయం.

అపోహ: స్పీడ్ బ్రేకర్ ఎంత ఎత్తుగా ఉంటే పిల్లలకు అంత రక్షణ.

వాస్తవం: ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 99 మార్గదర్శకాల ప్రకారం, సాధారణ వాహనాలు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి ఉద్దేశించిన గుండ్రని హంప్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వాహనం సాగే దిశలో దాని వెడల్పు 3.7 మీటర్లు. మన కాలనీలలో కనిపించేది చాలాచోట్ల ఇది కాదు, అర మీటరు వెడల్పు కూడా లేని సిమెంటు గట్టు. రాత్రివేళ అది కనిపించక, వెనుక బిడ్డను కూర్చోబెట్టుకున్న ద్విచక్ర వాహనదారు అదుపు తప్పుతాడు; పగలు అదే గట్టును తప్పించుకోవడానికి, వాన నీరు పోయేందుకు అంచున వదిలిన సందులోంచి, అంటే సరిగ్గా పిల్లలు నడిచే చోటునుంచే, బండిని పోనిస్తాడు. హంప్‌కు 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు, హంప్ మీద చీకట్లో మెరిసే పెయింటు ఉండాలి. బడి గేటు దగ్గర నేను ఎక్కువగా సూచించేది జీబ్రా క్రాసింగ్‌నే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి, పైభాగం చదునుగా ఉంచే పద్ధతి. బండి నెమ్మదిస్తుంది, దాటే పిల్లవాడు డ్రైవరుకు కాస్త ఎత్తులో కనిపిస్తాడు. వాన నీటికి దారి చూపకుండా దీన్ని కడితే మాత్రం మొదటి వర్షానికే గేటు ముందు మడుగు కడుతుంది.

అపోహ: ఎవరికైనా ప్రమాదం జరిగితే తప్ప అధికారులు కదలరు, కదలడానికి చట్టంలో వీలూ లేదు.

వాస్తవం: మొదటి సగం గురించి నేను వాదించను. రెండో సగం మాత్రం తప్పు. మోటారు వాహనాల చట్టం 1988లోని 112వ సెక్షన్ ప్రకారం, ప్రజల భద్రత దృష్ట్యా అవసరమని భావిస్తే రాష్ట్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన సంస్థ గాని ఒక రోడ్డుపై గరిష్ఠ వేగాన్ని తగ్గించి, గెజిట్‌లో ప్రకటించి, బోర్డులు పెట్టించవచ్చు. ముందుగా ఒక ప్రాణం పోవాలన్న షరతు అందులో లేదు. కావలసింది ఆధారం, దాన్ని మీరే సేకరించవచ్చు. రోడ్డు అంచున 50 మీటర్ల దూరాన్ని సుద్దతో గుర్తు పెట్టి, బడి మొదలయ్యే, వదిలే వేళల్లో ఒక్కో వాహనం ఆ దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటుతోందో ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో చూడండి. 6 సెకన్లు పడితే వేగం గంటకు 30 కిలోమీటర్లు, 4.5 సెకన్లయితే 40, 3.6 సెకన్లయితే 50. ఇలా వంద వాహనాల లెక్క జతచేసిన అర్జీని పక్కన పెట్టడం ఏ అసిస్టెంట్ ఇంజినీరుకైనా (ఏఈ) కష్టమే.

30కీ 50కీ తేడా ఎంతో అర్జీలోనే రాయండి. ప్రమాదాన్ని గ్రహించి బ్రేకు తొక్కడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారు 30 కిలోమీటర్ల వేగం నుంచి దాదాపు 13 మీటర్లలో పూర్తిగా ఆగుతుంది. 50 కిలోమీటర్లతో వస్తున్న కారు ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది, అంటే బ్రేకు ఇంకా పడనే లేదు. పాదచారులూ వాహనాలూ కలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 ఉండాలని రోడ్డు భద్రతపై ప్రపంచ దేశాల మంత్రుల సదస్సులో వెలువడిన 2020 నాటి స్టాక్‌హోమ్ ప్రకటన కోరింది.

అపోహ: “నిదానము, ముందు బడి ఉంది” అని బోర్డు పెడితే చాలు.

వాస్తవం: డ్రైవరు బోర్డును చదివి కాదు, రోడ్డును చూసి వేగం ఎంచుకుంటాడు. వెడల్పుగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద ఎన్ని బోర్డులు పెట్టినా పెద్దగా ఫలితం ఉండదు. దాటే చోట రెండు వైపులా ఫుట్‌పాత్‌ను ముందుకు జరిపి 10 మీటర్ల రోడ్డును 7 మీటర్లకు కుదిస్తే, బండ్లు నెమ్మదించడంతో పాటు, సెకనుకు ఒక మీటరు నడిచే చిన్న పిల్ల రోడ్డు మీద ఉండే సమయం 10 సెకన్ల నుంచి 7కు తగ్గుతుంది. ముందు రంగు గీతలు, డ్రమ్ములతో తాత్కాలికంగా చేసి చూసి, ఆ తరువాత పక్కాగా కట్టవచ్చు. రంబుల్ స్ట్రిప్స్, అంటే బండి దాటుతుంటే గడగడలాడించే సన్నని అడ్డపట్టీలు, డ్రైవరును హెచ్చరిస్తాయే గాని వేగాన్ని పెద్దగా తగ్గించవు, పైగా పక్క ఇళ్లవారికి నిద్ర ఉండదు.

అపోహ: ట్రాఫిక్ పోలీసులకు చెబితే వాళ్లే స్పీడ్ బ్రేకర్ వేయిస్తారు.

వాస్తవం: రోడ్డు ఎవరిదో వారే వేయాలి. అది మున్సిపాలిటీదా, పంచాయతీరాజ్‌దా, రోడ్లు భవనాల శాఖదా, జాతీయ రహదారా అన్నది మొదట తెలుసుకోండి. తప్పు కార్యాలయంలో ఇచ్చిన అర్జీ నెలల తరబడి తిరుగుతూనే ఉంటుంది. పోలీసుల అభిప్రాయం అవసరమే, అందుకని వారికి ఒక ప్రతి ఇవ్వండి. కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రత కమిటీకి మరొకటి పంపండి. తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. తరువాత ఉలుకూ పలుకూ లేకపోతే, అర్జీ ఏ దశలో ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అపోహ: కాలనీవాసులం చందాలు వేసుకుని స్పీడ్ బ్రేకర్ మేమే వేసుకోవచ్చు.

వాస్తవం: అనుమతి లేకుండా ప్రజా రహదారిపై ఏదీ కట్టకూడదు. దాని మీద ఎవరైనా పడితే జవాబు చెప్పవలసింది మీరే.

అపోహ: వేగంగా వచ్చేవారంతా బయటివారే.

వాస్తవం: బడి వేళల్లో గేటు దగ్గర లెక్క తీస్తే సగం బండ్లు తల్లిదండ్రులవే అయిన చోట్లు నేను చూశాను. రెండు వరుసల్లో ఆపిన కార్ల మధ్యనుంచి బయటికి వచ్చే పిల్లవాడు, 20 కిలోమీటర్లతో వచ్చే ఆటోకు కూడా చివరి క్షణం దాకా కనిపించడు. అందువల్ల క్రాసింగ్‌కు రెండు పక్కలా కనీసం 10 మీటర్ల మేర నో పార్కింగ్ కావాలని అడగండి. ఆటోలు, వ్యాన్లు బడి ఉన్న వైపే పిల్లలను దించేలా, చిన్న తరగతులను పది నిమిషాలు ముందుగా వదిలేలా యాజమాన్యం నుంచి రాతపూర్వక హామీ తీసుకుని అర్జీకి జతచేయండి. బడి తన వంతు చేస్తానన్న చోట ఎస్టిమేట్ (పని ఖర్చు అంచనా) త్వరగా కదలడం నేను చాలాసార్లు గమనించాను. రోడ్డుకు కొత్తగా తారు వేసే పని ఉందేమో కూడా ఆరా తీసి, హంప్‌నూ క్రాసింగ్‌నూ ఆ ఎస్టిమేట్‌లోనే చేర్పించండి. లేకపోతే ఈ ఏడాది కట్టించుకున్న హంప్ వచ్చే ఏడాది తారు కింద కలిసిపోతుంది.