చల్లారిన అన్నం గొప్ప ఎంత, లెక్క ఎంత

అన్నం వండి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు వేడి చేసుకుని తింటే కాలరీలు సగానికి సగం తగ్గిపోతాయని చెప్పే వీడియోలు మీరూ చూసే ఉంటారు. చల్లారితే అన్నం మారుతుందన్న మాట నిజమే, ఆ "సగం" దగ్గరే పేచీ. ఎంతవరకు నిజమో తెలిస్తే ఆ చిట్కాను చక్కగా వాడుకోవచ్చు. తెలియకపోతే కాలరీలు తక్కువే కదా అని ఇంకో గరిటె వడ్డించుకుంటాం, దాంతో ఉన్న లాభం కూడా పోతుంది.

ముందు గింజలో ఏముందో చూద్దాం. బియ్యంలోనైనా, గోధుమలోనైనా, బంగాళాదుంపలోనైనా మొక్క తన కోసం దాచుకున్నది గ్లూకోజే. దాన్ని గొలుసులు గొలుసులుగా అల్లి పెట్టుకుంటుంది. కొన్ని గొలుసులు పెద్దగా కొమ్మలు లేకుండా పొడవుగా సాగుతాయి, వాటి పేరు అమైలోజ్. ఇంకొన్ని చెట్టులా కొమ్మలు వేస్తాయి, అది అమైలోపెక్టిన్. పచ్చి గింజలో ఇవన్నీ చిన్న చిన్న రేణువుల్లో గట్టిగా బిగుసుకుని ఉంటాయి కాబట్టి మన జీర్ణరసాలకు అంత తేలిగ్గా లొంగవు. ఎసట్లో పడ్డాక, సుమారు 60 నుంచి 80 డిగ్రీల మధ్య ఆ రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బి విచ్చుకుంటాయి, అన్నం మెత్తబడుతుంది, గంజి చిక్కబడుతుంది, లోపలి గ్లూకోజ్ గొలుసులన్నీ ఎంజైములకు అందుబాటులోకి వస్తాయి. పొగలు కక్కే మెత్తటి అన్నం రక్తంలో చక్కెరను అంత త్వరగా పెంచేది అందుకే.

చల్లారేటప్పుడు దీనికి తిరుగు ప్రయాణం మొదలవుతుంది. విడిపోయిన అమైలోజ్ గొలుసులు ఒకదాని పక్కన ఒకటి చేరి మళ్లీ బిగుసుకుంటాయి, ఈసారి ఎంజైములు తెంచలేనంత గట్టిగా. ఫ్రిజ్ చలిలో, అంటే 4 డిగ్రీల దగ్గర, ఇది బాగా జరుగుతుంది. మరి వేడి చేస్తే మళ్లీ విడిపోవా అని చాలామంది అడుగుతారు, మంచి ప్రశ్నే. అమైలోజ్ కట్టుకున్న ఈ స్ఫటికాలు కరగాలంటే వేడి 120 డిగ్రీలు దాటాలి, తడి ఉన్న అన్నం మామూలు గిన్నెలో 100 డిగ్రీలకు మించి వేడెక్కదు. వేడి చేయగానే మెతుకు మళ్లీ మెత్తబడేది అమైలోపెక్టిన్ వల్ల, అది చాలా తక్కువ వేడికే వదులవుతుంది. అమైలోజ్ ముడి మాత్రం చాలావరకు అలాగే ఉండిపోతుంది. చిన్న పేగులో అరగకుండా తప్పించుకునే ఈ పిండికి 1980లలో హాన్స్ ఇంగ్లిస్ట్ అనే శాస్త్రవేత్త రెసిస్టెంట్ స్టార్చ్ అని పేరు పెట్టారు. ఇక్కడ అరగని పిండి అని రాస్తాను.

ఇప్పుడు అంకెలు. 2015లో ఇండోనేషియా పరిశోధకులు తెల్లన్నాన్ని మూడు రకాలుగా కొలిచారు. అప్పుడే వండిన 100 గ్రాముల అన్నంలో అరగని పిండి 0.64 గ్రాములు, బయటే 10 గంటలు చల్లారిన దాంట్లో 1.30, ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచి మళ్లీ వేడి చేసిన దాంట్లో 1.65. మొదటి రకాన్నీ చివరి రకాన్నీ 15 మంది ఆరోగ్యవంతులకు పెట్టి చూస్తే, ఫ్రిజ్ అన్నం తిన్నప్పుడు రక్తంలో చక్కెర పెరుగుదల సుమారు 18 శాతం తక్కువగా ఉంది. ఇది చిన్న సంగతేమీ కాదు.

కాలరీల లెక్క మాత్రం వేరేలా తేలుతుంది. 100 గ్రాముల అన్నంలో పిండి పదార్థం సుమారు 28 గ్రాములు, కాలరీలు 130 దాకా. ఫ్రిజ్ వల్ల అదనంగా అరగకుండా మిగిలింది ఒక్క గ్రాము. మామూలు పిండి గ్రాముకు 4 కాలరీలు ఇస్తే, అరగని పిండి పెద్ద పేగులో పులిసి గ్రాముకు దాదాపు 2 ఇస్తుంది. అంటే మనకు తగ్గింది 130లో రెండు కాలరీలు! నేను కాగితం మీద రెండుసార్లు వేసి చూసుకున్నాను, అంతే వచ్చింది. మరి ఆ సగం అనే మాట ఎక్కడ పుట్టిందంటే, అదే 2015లో శ్రీలంక నుంచి ఒక విద్యార్థి తన గురువుతో కలిసి, ఎసట్లో కొబ్బరినూనె వేసి వండి 12 గంటలు ఫ్రిజ్‌లో పెడితే ఒక రకం బియ్యంలో అరగని పిండి పది రెట్లు పెరిగిందని అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో చెప్పారు. సరైన రకం బియ్యం దొరికితే కాలరీలు 50, 60 శాతం తగ్గవచ్చని ఒక అంచనా కూడా చెప్పారు. ఆ అంచనానే శీర్షికలు తేలిన ఫలితంలా మోసుకుపోయాయి. బరువు తగ్గాలనుకునేవాళ్లకు ఇందులో పెద్దగా ఏమీ లేదు. లాభమంతా రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరగడంలో ఉంది, ఇంకొంత పెద్ద పేగులో ఉంది, ఎందుకంటే అరగని పిండిని అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి తయారుచేసే బ్యూటిరేట్ పేగు గోడ కణాలకు ఇష్టమైన ఇంధనం.

బియ్యం రకం కూడా లెక్కలోకి వస్తుంది. ముద్దగా అతుక్కునే జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు కాబట్టి ఎంత చల్లార్చినా ఫలితం తక్కువే, పొడిపొడిగా అయ్యే రకాల్లో సాధారణంగా అది ఎక్కువ. ఉప్పుడు బియ్యానికి ఇంకో మేలుంది: వడ్లను నానబెట్టి ఆవిరి పట్టేటప్పుడు తవుడులోని బి విటమిన్లలో కొంత గింజ లోపలికి ఇంకుతుంది, తర్వాత తవుడు పోయినా అవి మిగులుతాయి.

ఇక నేను గట్టిగా చెప్పాలనుకున్న సంగతి. చల్లార్చడం అంటే గిన్నె పొయ్యి పక్కనే వదిలేయడం కాదు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తనాల్లాంటి స్పోర్ల రూపంలో ఉంటుంది, అవి ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి పెరుగుతాయి, వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి, ఆ విషం 121 డిగ్రీల వేడికి కూడా చెడదు. కాబట్టి బాగా వేడి చేశాం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు, వాసన చూసి తెలుసుకుందామన్నా కుదరకపోవచ్చు. పైన చెప్పిన 10 గంటల బయటి అన్నాన్ని దయచేసి ఇంట్లో అనుకరించకండి. వండిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచి, గంటలోపు ఆవిరి పోగానే మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. నిండు గిన్నెను అలాగే పెడితే నడిమధ్య భాగం గంటలకొద్దీ వెచ్చగానే ఉంటుంది. ఒక రోజులోపు తినేయండి, పొగలు వచ్చేలా ఒక్కసారే వేడి చేయండి.

నీళ్ల సంగతీ ఉంది. వరి నీళ్లు నిలిచిన మడిలో పెరుగుతుంది కాబట్టి మట్టిలోని విషపదార్థమైన ఆర్సెనిక్‌ను మిగతా ధాన్యాల కన్నా ఎక్కువ పీలుస్తుంది, అది తవుడు పొరలో ఎక్కువ, అందుకే ముడిబియ్యంలో పీచుతో పాటు ఇదీ ఎక్కువే. కడిగితే పోయేది కొద్దిగానే. 2020లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది: కప్పు బియ్యానికి నాలుగు కప్పుల నీళ్లు మరిగించి, అందులో బియ్యం వేసి 5 నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు వార్చేసి, రెండు కప్పుల కొత్త నీళ్లు పోసి మూతపెట్టి సన్నని సెగ మీద ఇగరనివ్వడం. సగం వార్చడం, సగం అత్తెసరు అన్నమాట. వాళ్ల కొలతల్లో అకర్బన ఆర్సెనిక్ (ఎక్కువ హాని చేసే రూపం) తెల్లబియ్యంలో 73 శాతం, ముడిబియ్యంలో 54 శాతం తగ్గింది, పోషకాలూ పెద్దగా పోలేదు. వండే నీళ్లలోనే ఆర్సెనిక్ ఉంటే మాత్రం ఇది పనికిరాదు.

బంగాళాదుంపలకూ ఉడికించి చల్లార్చే సూత్రమే. వేయించాలంటే మాత్రం బంగారు రంగు రాగానే ఆపండి, 120 డిగ్రీలు దాటాక ఎర్రబడే కొద్దీ అక్రిలమైడ్ అనే హానికర పదార్థం పెరుగుతుంది. ఉడకబెడితే ఆ గొడవ లేదు.

వండటం ఎలా ఉన్నా, తినే వరస మార్చడం అన్నిటికన్నా సులువు. 2015లోనే న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో టైప్ 2 మధుమేహం ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టారు. కూరగాయలు, మాంసం ముందు తిని పిండి పదార్థం చివర తిన్నప్పుడు, గంట తర్వాత చక్కెర సుమారు 37 శాతం తక్కువగా ఉంది. చిన్న అధ్యయనమే, అయినా దీనికి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. టైప్ 1 మధుమేహం ఉన్న 32 మందికి ఒక అధ్యయనంలో ఇలాగే చల్లార్చి వేడి చేసిన అన్నం పెడితే చక్కెర తక్కువ పెరిగింది, కానీ చక్కెర మరీ పడిపోవడం కూడా ఎక్కువమందిలో కనిపించింది, ఎందుకంటే ఇన్సులిన్ మోతాదు వేడి అన్నానికి తగ్గ లెక్కలోనే వేసుకున్నారు. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే అన్నం మార్చే ముందు మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడండి, మొదటి కొన్ని రోజులు తిన్నాక షుగర్ చెక్ చేసుకుంటూ ఉండమనండి.