ఎక్కువ, తక్కువ, సమానం: చిన్నపిల్లల లెక్కల్లో పోలికపై అపోహలు - వాస్తవాలు

బడిలో అడుగుపెట్టినప్పటి నుంచి రెండో తరగతి దాకా పిల్లలకు లెక్కలు నేర్పడం నా పని. తల్లిదండ్రులు నాతో తరచుగా అనే మాట ఇది: "మా వాడికి వంద దాకా ఒంట్లు వచ్చండీ. రెండు సంఖ్యలిచ్చి ఏది ఎక్కువో చెప్పమంటే మాత్రం తెల్లమొహం వేస్తాడు." ఇక ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. వర్క్‌షీట్ల మీద వర్క్‌షీట్లు చేయిస్తారు. నేను చూసినంతలో చాలామంది పిల్లల విషయంలో చిక్కు ఒక్కటే. చేత్తో జతలు కట్టి చూడాల్సిన దశను దాటించి, వాళ్లను నేరుగా అంకెల్లోకి దించేస్తున్నాం.

అపోహ: ఒంట్లు వస్తే పోల్చడం దానంతట అదే వస్తుంది

ఒకసారి ఐదేళ్ల పాప ముందు సీసా మూతలు రెండు వరుసలుగా పేర్చాను. పై వరుసలో 7 మూతలు, ఎడంగా. కింది వరుసలో 9, దగ్గరదగ్గరగా. ఒక్కో మూత మీద వేలు పెట్టి, ఒక్కటి కూడా వదలకుండా లెక్కపెట్టింది. "ఏడు." "తొమ్మిది." రెండూ సరైనవే. "మరి ఎక్కడ ఎక్కువున్నాయి?" అన్నాను. ఏమాత్రం తడబడకుండా 7 మూతల వరుస మీద చెయ్యి పెట్టింది. ఎలా తెలిసిందని అడిగితే, ఆ వరుస వెంట ఈ చివర నుంచి ఆ చివరకు వేలు జరిపి, "ఇదిగో, ఇక్కడిదాకా ఉంది కదా టీచర్" అంది.

లెక్కపెట్టమన్నాను, లెక్కపెట్టింది. ఎక్కడ ఎక్కువని అడిగాను, కళ్లతో చూసి చెప్పింది. ఆమె మనసులో ఆ రెండు పనులకూ ఇంకా సంబంధం లేదు. ఏడు తర్వాత తొమ్మిది పలుకుతామని తెలుసు. తర్వాత పలికేది ఎక్కువను చెబుతుందని మాత్రం ఇంకా తెలియదు. అది విడిగా నేర్చుకోవాల్సిన సంగతి, ఒంట్లు వల్లె వేసినంత మాత్రాన రాదు.

తప్పని అనలేదు. "ఒక్కో మూతకు ఒక తోడు వెతుకుదామా?" అన్నాను. పై మూతను, కింది మూతను దగ్గరకు జరుపుతూ పోయింది. ఏడు జతలయ్యాయి. చివర్న రెండు మూతలు మిగిలాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "వీటికి తోడు లేదు" అంది. కాసేపాగి, "అయితే ఇక్కడే ఎక్కువ" అంది. ఆ తర్వాతే మళ్లీ లెక్కపెట్టమన్నాను. ఈసారి ఏడు, తొమ్మిది అన్న మాటల వెనక ఆమెకు ఆ రెండు మూతలు ఉన్నాయి.

ఈ జతలు కట్టే ఆటను కనీసం కొన్ని వారాలు ఆడించండి. గ్లాసులూ స్పూన్లూ, పెన్సిళ్లూ మూతలూ, ఏవైనా సరే. తొందరపడి ముగించకండి.

అపోహ: లెక్కపెట్టడం రాకముందు పిల్లలకు ఎక్కువ తక్కువలు తెలియవు

తెలుసు. ఫే షూ, ఎలిజబెత్ స్పెల్కీ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు నెలల పసివాళ్లు 8 చుక్కలకూ 16 చుక్కలకూ తేడా గమనించారు. 8కీ 12కీ మధ్య తేడా మాత్రం పట్టుకోలేకపోయారు. అంటే ఆ వయసులో చూసేది నిష్పత్తిని. ఒకటి రెండో దానికి రెట్టింపు ఉంటే కనిపిస్తుంది, దగ్గరగా ఉంటే కలిసిపోతుంది. వయసుతో పాటు ఈ చూపు పదునెక్కుతుంది.

తరగతి గదిలో దీనివల్ల పెద్ద ఉపయోగమే ఉంది. మొదటి పోలికలు 3కీ 10కీ మధ్య ఉండాలి, చూడగానే తేలిపోయేలా. తర్వాత 5, 8. ఆ తర్వాతే 8, 9. చూపు చాలక లెక్కపెట్టాల్సిన అవసరం పిల్లవాడికే తెలిసొచ్చేది అక్కడే. మొదటి రోజే 8, 9 ఇచ్చి కూర్చోబెడితే వాడు ఊహించి చెప్పడం నేర్చుకుంటాడు.

అపోహ: పొడుగు వరుసను చూపిస్తే వెంటనే సరిదిద్దాలి

స్విట్జర్లాండ్ మనోవైజ్ఞానికుడు జీన్ పియాజే చేయించిన పరీక్ష టీచర్లందరికీ తెలిసిందే. సమానంగా ఉన్న రెండు వరుసల్లో ఒకదాన్ని ఎడంగా జరిపి అడిగితే, చాలామంది చిన్నపిల్లలు పొడుగైన దాంట్లోనే ఎక్కువున్నాయంటారు. అయితే కథ అక్కడితో ఆగలేదు. 1970ల్లో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డోనాల్డ్‌సన్ అనే పరిశోధకులు అదే పరీక్షలో వరుసను చెదరగొట్టే పనిని ఒక అల్లరి టెడ్డీబేర్ బొమ్మకు అప్పగించారు. బొమ్మ పాడుచేసిందనుకున్నప్పుడు "సమానంగానే ఉన్నాయి" అన్న పిల్లల సంఖ్య బాగా పెరిగింది.

నాకు ఇందులో కనిపించేది మన ప్రవర్తనే. పెద్దవాళ్లు కావాలని జరిపి, అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగితే, ఏదో మారి ఉంటుందని పిల్లలు అనుకోవడంలో ఆశ్చర్యమేముంది? ఒకేసారి అడగండి. జవాబు ఏదైనా "ఎలా తెలిసింది?" అనండి. సరైన జవాబుకు కూడా ఆ ప్రశ్న వేయాలి. తప్పు చెప్పినప్పుడే అడిగితే, ఆ మాట వినగానే జవాబు మార్చేయడం అలవాటవుతుంది.

అపోహ: "ఎక్కువ" నేర్పితే "తక్కువ" వచ్చేసినట్టే

రాదు. రోజంతా పిల్లల చెవిన పడేది ఎక్కువ, ఇంకా, పెద్ద. తక్కువ అన్న మాట అరుదు. "తక్కువున్నవి చూపించు" అంటే ఎక్కువున్నవే చూపించే పిల్లలు చాలామంది ఉంటారు. ప్రతి పోలికనూ రెండువైపుల నుంచీ చెప్పించండి: ఇవి వాటికంటే ఎక్కువ, అవి వీటికంటే తక్కువ.

మన తెలుగులో ఇంకో చిన్న గోతి ఉంది. "ఏది పెద్ద సంఖ్య?" అని అడుగుతాం. పలక మీద 3ను పెద్దగా, 8ని చిన్నగా రాసి అడిగి చూడండి, కొందరు 3నే చూపిస్తారు. అడిగిందానికి వాళ్లు నిజాయితీగానే జవాబిచ్చారు. మొదట్లో "ఏది ఎక్కువ?" అనే అడగడం మేలు.

అపోహ: మొసలి నోరు గుర్తుపెట్టుకుంటే గుర్తులు వచ్చేసినట్టే

ఎక్కువ తక్కువల గుర్తులను (>, <) మొసలి నోరుగా చూపించి, మొసలి ఎప్పుడూ ఎక్కువ ఉన్నవైపే నోరు తెరుస్తుందని చెబుతాం. పిల్లలు పళ్లతో సహా గీస్తారు. 5 > 2 అని రాసిన పిల్లవాడినే చదవమనండి, "మొసలి ఐదును తింటోంది" అంటాడు. ఐదు రెండు కంటే ఎక్కువ అన్న వాక్యం నోట రాదు.

దీనికంటే పుల్లలు మంచివి. ఎడమవైపు 5 దిమ్మెలు, కుడివైపు 2 దిమ్మెలు ఒకదానిపై ఒకటి నిలబెట్టండి. రెండింటి పైఅంచులనూ కలుపుతూ ఒక పుల్ల, అడుగులను కలుపుతూ ఇంకో పుల్ల పట్టుకోండి. ఎక్కువ ఉన్నవైపు ఎడం, తక్కువ ఉన్నవైపు ఇరుకు. రెండువైపులా సమానం చేస్తే పుల్లలు సమాంతరంగా వస్తాయి, అదే = గుర్తు. 1557లో గణితజ్ఞుడు రాబర్ట్ రికార్డ్ ఈ గుర్తుకు ఆ రెండు గీతలను ఎంచుకున్నదీ అందుకే. వాటికంటే సమానమైన రెండు వస్తువులు ఉండవని రాశాడాయన.

అపోహ: "ఎన్ని ఎక్కువ?" అంటే తీసివేత, సూత్రం చెబితే చాలు

పిల్లలు ఎక్కువగా చతికిలబడేది ఇక్కడే. 1983లో టామ్ హడ్సన్ అనే పరిశోధకుడు 5 పక్షులు, 4 పురుగులు ఉన్న బొమ్మ చూపించి రెండు రకాలుగా అడిగాడు. "పురుగుల కంటే పక్షులు ఎన్ని ఎక్కువ?" అన్నప్పుడు ఒకటో తరగతి పిల్లల్లో 64 శాతం మందే సరిగ్గా చెప్పారు. "ప్రతి పక్షీ ఒక పురుగు కోసం వెళ్తే, ఎన్ని పక్షులకు పురుగు దొరకదు?" అన్నప్పుడు అందరూ చెప్పారు. బొమ్మ అదే, జవాబూ అదే. మాట మారిందంతే.

"కంటే" అన్న పదం పిల్లల చెవిలో జారిపోతుంది. "అన్న దగ్గర తమ్ముడి కంటే 3 గోలీలు ఎక్కువున్నాయి" అని చెప్పి, అన్న దగ్గర ఎన్ని ఉన్నాయని అడిగితే "మూడు" అంటారు. దీనికి విరుగుడుగా కొందరు "ఎక్కువ అని కనిపిస్తే కూడు, తక్కువ అని కనిపిస్తే తీసెయ్" అని నేర్పుతారు. దయచేసి అది వద్దు. "అన్న దగ్గర 8 ఉన్నాయి, తమ్ముడి కంటే 3 ఎక్కువ, తమ్ముడి దగ్గర ఎన్ని?" అని అడగ్గానే ఆ పిల్లలు 11 అని రాసేస్తారు.

నేను చేసేది ఇది. కొన్ని వారాలు "ఎన్నింటికి తోడు దొరకదు?" అనే అడుగుతాను. తర్వాత రెండు కాగితపు పట్టీలు, ఒకటి 8 గళ్లది, ఒకటి 5 గళ్లది, ఎడమ అంచులు కలిపి ఒకదాని కింద ఒకటి పెట్టిస్తాను. బయటికి పొడుచుకొచ్చిన మూడు గళ్లకు పిల్లల చేతే రంగు వేయిస్తాను. "తోడు దొరకనివి" అని వాళ్లు పిలిచే ఆ ముక్కకే చివర్న "తేడా" అని పేరు చెబుతాను. తీసివేత గుర్తు ఆ తర్వాతి వారం సంగతి.