చెక్ ఇంజిన్ లైటు మళ్లీ వెలిగిందా? అపోహలు - వాస్తవాలు

నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని. నా దగ్గరికొచ్చే పాత కార్లలో చాలావాటి డ్యాష్‌బోర్డు అరలో ఒక క్యారీ బ్యాగ్ ఉంటుంది. దాన్నిండా విప్పేసిన సెన్సర్లే. "ఇవన్నీ మార్చామండీ, అయినా లైటు మళ్లీ వస్తోంది" అంటూ ఓనరుగారు వాటిని బల్ల మీద పరుస్తారు. మీటరు పెట్టి చూస్తే చాలావరకు బాగానే ఉంటాయి.

అపోహ: స్కానర్‌లో ఏ సెన్సర్ పేరు వస్తే ఆ సెన్సర్ పోయినట్టే.

వాస్తవం: కారుకి స్కానర్ తగిలిస్తే లోపాన్ని ఒక కోడ్‌గా చూపిస్తుంది. పి0335 కోడ్‌నే తీసుకోండి. దాని పూర్తి పేరు క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుడుని కనిపెట్టేది) 'సర్క్యూట్' లోపం. సెన్సర్, కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) దాకా వెళ్లే వైర్లు, ఎర్త్, అన్నీ ఆ సర్క్యూట్‌లోవే. ఈసీయూ చూసేది తన పిన్ను దగ్గరికొచ్చే సిగ్నల్‌ని మాత్రమే. మనియార్డరు రాలేదని అమ్మ అన్నంత మాత్రాన కొడుకు పంపలేదని తేల్చేస్తామా? అలాంటిదే ఇదీ.

నేనూ ఇందులో బోల్తా పడ్డవాణ్ణే. ఓ రిటైర్డ్ మాస్టారి 2008 మోడల్ పెట్రోల్ కారు ట్రాఫిక్‌లో ఉన్నట్టుండి ఆగిపోయేది. పది నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే స్టార్టయ్యేది. కోడ్ ఇదే. వేడికి ఆగి, చల్లారాక స్టార్టయితే క్రాంక్ సెన్సర్ లోపలి కాయిల్ పోయిందనుకోవడం మా వృత్తిలో అలవాటు. నిజానికి చాలాసార్లు అదే అవుతుంది కూడా. అప్పటికే వేరేచోట ఒకటి మార్చారు. "డూప్లికేట్ వేసుంటారు మాస్టారూ" అని నేను ఒరిజినల్ వేసి పంపాను. మూడు వారాలు తిరక్కుండా మళ్లీ వచ్చారు. తిట్టినా బాగుండేది. "ఇంకో సెన్సర్ తెప్పిస్తావా బాబూ?" అన్నారు!

ఈసారి స్కానర్ పక్కన పెట్టి, ఎప్పుడెప్పుడు ఆగిందో అడిగాను. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు, గేటులోంచి రివర్స్ తీసేటప్పుడు అన్నారు. హ్యాండ్‌బ్రేక్ లాగి, మా కుర్రాణ్ణి రివర్స్ గేరులో క్లచ్ కొంచెం కొంచెంగా వదలమని, నేను పక్కన నిలబడి బోనెట్‌లోకి చూశాను. ఇంజిన్ ఒక పక్కకు ఒరిగింది. ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు చీలిపోయింది. ఇంజిన్ ఒరిగినప్పుడల్లా సెన్సర్ వైరు బిగుసుకుంటోంది. వైరు పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపల మాత్రం రాగి పోగులు ఒకటో రెండో మిగిలాయి. వేడికీ దీనికీ సంబంధమే లేదు. పది నిమిషాలు ఆగమని ఎవరో చెప్పారు కాబట్టి ఆయన ఆగేవారు, వెంటనే సెల్ఫ్ కొట్టినా స్టార్టయ్యేదేమో. మౌంటింగ్ మార్చి, జానెడు కొత్త వైరు సోల్డర్ చేసి, కాస్త వదులుగా కట్టాను. నేను వేసిన సెన్సర్ డబ్బులు బిల్లులో తగ్గించాను.

అపోహ: మీటరు బీప్‌మంటే వైరు బాగున్నట్టే.

వాస్తవం: ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. మాస్టారి కారులో నన్ను మోసం చేసిందీ ఆ బీపే. వైరుని రెండు కొసల దగ్గరా విప్పి, దాని మీదుగా చిన్న బల్బు వెలిగించి, వైరు కదుపుతూ చూడాలి. ఈసీయూకి తగిలించి ఉండగా ఈ పని చేయకండి, ఈసీయూ పోతుంది. ఎర్త్ అనుమానముంటే ఇంజిన్ ఆన్‌లో పెట్టి, హెడ్‌లైట్లు, ఏసీ వేసి, బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య వోల్టేజ్ చూడండి. 0.2 వోల్టులు దాటితే ముందు ఎర్త్ వైరు విప్పి చిలుము గీకండి.

రెండు వైర్ల కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌కి ఇంకా సులువైన పరీక్ష ఉంది. కప్లర్ పీకితే స్కానర్‌లో సుమారు మైనస్ 40 డిగ్రీలు కనిపించాలి. కప్లర్‌లోని రెండు పిన్నులనూ చిన్న వైరుముక్కతో కలిపితే రీడింగ్ పైకి ఎగబాకాలి. రెండూ జరిగితే వైరింగ్, ఈసీయూ బాగున్నట్టే. అప్పుడు నిశ్చింతగా సెన్సర్ కొనుక్కోండి.

అపోహ: పి0171 వస్తే ఆక్సిజన్ సెన్సర్ మార్చాలి.

వాస్తవం: ఇంజిన్‌లో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అవుతోందని ఆ సెన్సర్ చెబుతోంది. పాత కార్లలో అది చాలాసార్లు నిజమే చెబుతుంది. ఐడ్లింగ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలుని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో స్కానర్‌లో చూపే లెక్క) బాగా ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర తగ్గిపోతే, పగిలిన వాక్యూమ్ పైపు కోసం వెతకండి. లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోల్ పంపు, ఫిల్టర్ చూడాలి.

అపోహ: బ్యాటరీ వైరు తీసి పెడితే సరి.

వాస్తవం: లైటు ఆరిపోతుంది, లోపం అలాగే ఉంటుంది. పైగా కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోతుంది. లోపం వచ్చిన క్షణంలో స్పీడెంత, ఇంజిన్ వేడి ఎంత అని ఈసీయూ రాసిపెట్టుకున్న లెక్క అది. నాకు అన్నిటికంటే పనికొచ్చేది అదే. కోడ్ తుడిచే ముందు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఏ గేరులో, ఎంతసేపు నడిచాక, వానలోనా ఎండలోనా ఆగిందో కూడా ఒక చీటీ మీద రాసి తెండి. ఆ క్యారీ బ్యాగ్‌లోని పాత సెన్సర్లు కూడా పారేయకండి.