ఒంటికి అలవాటైన బరువు

ఒడిశాలోని బరంపురంలో తెల్లవారుజామున మైదానాల చుట్టూ నడిచే తెలుగువాళ్ల మాటల్లో ఒక ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. మొదటి రెండు నెలల్లో ఆయాసం తగ్గింది, నడుము సన్నబడింది. ఆ తర్వాత ఏడాదిగా అంతే నడుస్తున్నా ఏ మార్పూ లేదు. జిమ్‌కు వెళ్లే కుర్రవాళ్లదీ ఇదే గోడు: నిరుడు ఎత్తిన బరువు దగ్గరే ఉండిపోయారు. శ్రద్ధ తగ్గిందనో, వయసు మీద పడిందనో తమను తాము నిందించుకుంటారు. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. ఇచ్చిన పనికి ఎంత శక్తి కావాలో అంతా కూడగట్టుకున్నాక శరీరం ఇక పెంచడం మానేస్తుంది. పని పెరిగితేనే మళ్లీ కదులుతుంది.

1967లో జాన్ హాలోజీ అనే శాస్త్రవేత్త ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించాడు. కొన్ని వారాల తర్వాత చూస్తే, వాటి కండరాల్లోని మైటోకాండ్రియాకు, అంటే కణాల్లో శక్తిని పుట్టించే భాగాలకు, ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి సుమారు రెట్టింపైంది. ఈ ప్రయోగాన్ని తలచుకునేవాళ్లు ఒక వివరాన్ని వదిలేస్తుంటారు. ఆ పరుగు మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకేలా లేదు. వారం వారం కష్టాన్ని పెంచుతూ పోయాడు.

బరువుల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు తొలి వారాల్లో బలం చకచకా పెరుగుతుంది. టేపు పెట్టి తొడ కొలిస్తే మాత్రం చుట్టుకొలత దాదాపు మునుపటిలాగే ఉంటుంది. అప్పటికి పెరిగింది నరాల నేర్పు. మెదడు ఎక్కువ కండర తంతువులను ఒకేసారి పనిలోకి దించడం, అడ్డుపడే కండరాలను సడలించడం నేర్చుకుంటుంది. తొలి దశలో నరాల వాటాయే ఎక్కువని, కండ పెరగడం తర్వాత ముందుకు వస్తుందని 1979లో మోరిటానీ, డివ్రీస్ అనే పరిశోధకులు చూపారు.

వారానికో కొత్త వ్యాయామం చేయమనే సలహా మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. ప్రతి కొత్త కదలికకూ నరాల తొలి పాఠం మళ్లీ మొదలవుతుంది. నాలుగు రోజుల్లో బలం పెరిగినట్టు అనిపిస్తుంది. పైగా కొత్త పని చేసిన మర్నాడు ఒళ్లు నొప్పులు పుడతాయి, ఆ నొప్పినే ఫలితమనుకుంటారు. అదే వ్యాయామం రెండోసారి చేస్తే కండరం దెబ్బ తినడమూ తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. నొప్పి లేదని మంచి వ్యాయామాన్ని వదిలేసేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. మార్చవలసింది ముందుగా బరువు, తర్వాత ఎన్నిసార్లు ఎత్తుతున్నామన్నది. వ్యాయామాన్నే మార్చడం అన్నిటికన్నా చివర.

సరిహద్దు దాటి శ్రీకాకుళం పల్లెలకు వెళ్తే, బల పరీక్షకు సంగిడి రాళ్లు ఎత్తేవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. చిన్న రాయి లొంగాకే పెద్ద రాయి మీద చేయి వేస్తారు. ఈ పద్ధతికి వైద్యంలో లెక్క కట్టినవాడు థామస్ డిలార్మ్. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు చికిత్స చేసిన ఈ అమెరికా సైనిక వైద్యుడు 1945లో తన విధానాన్ని ప్రకటించాడు. ఒక మనిషి సరిగ్గా పదిసార్లు ఎత్తగల బరువును కనిపెట్టి, కొంతకాలం తర్వాత మళ్లీ పరీక్షించి, బలం పెరిగినంత మేర బరువు పెంచాలన్నాడు.

ఇంట్లో దీన్ని పాటించడం కష్టమేమీ కాదు. 20 కిలోలతో పదిసార్లు గుంజీలు తీస్తున్నారనుకుందాం. వరుసగా రెండు సాధన రోజుల్లో పదకొండో పన్నెండో తేలికగా తీయగలిగితే బరువు పెంచే వేళైనట్టే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ అలాంటప్పుడు 2 నుంచి 10 శాతం పెంచమంటుంది. అంటే ఇక్కడ ఒక కిలో చాలు. బరంపురం నుంచే వెళ్లి 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన వెయిట్‌లిఫ్టర్ కాటులు రవికుమార్ రెండు పద్ధతుల్లో కలిపి ఎత్తిన మొత్తం 321 కిలోలు. అలాంటి అంకె ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కూడిందే.

ఏడాదిని దశలుగా విడగొట్టి, ఎక్కువ పని చేసే వారాలు, బరువు పెంచే వారాలు, తేలిక వారాలు అని ముందే నిర్ణయించుకునే పద్ధతిని 1960లలో సోవియట్ శాస్త్రవేత్త లెవ్ మాత్వేయేవ్ స్థిరపరిచాడు. మొత్తం శ్రమ సమానంగా ఉంటే ఇలాంటి ప్రణాళిక గరిష్ఠ బలంలో కాస్త మేలు చేస్తుందని, కండ పరిమాణంలో పెద్ద తేడా తేదని తర్వాతి పరిశోధనలు చెబుతున్నాయి. అందువల్ల పట్టికలు గీసుకోలేదని దిగులు పడనక్కరలేదు. పైగా మన ప్రాంతంలో రుతువులే కొంత ప్రణాళిక వేసి పెడతాయి. మే నెల ఉక్కపోతలో ఎప్పటి వేగంతో నడిచినా గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. శరీరం వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు కావాలి. ఆ రోజుల్లో వేగం తగ్గించి, దూరం పెంచడం చలికాలానికి వదిలేయడం మేలు. చలికాలంలో కొత్త కష్టం కావాలంటే గోపాలపూర్ తీరం దగ్గరే ఉంది. మెత్తటి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద అదే వేగంతో నడిచినదానికి రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. పిక్కల వెనక కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు కండరాలంత త్వరగా గట్టిపడవు కాబట్టి మొదట పది నిమిషాలతో సరిపెట్టుకోవాలి.

రెండేళ్లకోసారి బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర వచ్చినప్పుడు ఊరంతా రాత్రుళ్లు మేలుకుంటుంది, వ్యాయామం కుంటుపడుతుంది. పూర్తిగా మానేస్తే బలం రెండు మూడు వారాలు బాగానే నిలుస్తుంది, దమ్ము మాత్రం త్వరగా తగ్గుతుంది. ఒక పరిశోధనలో బాగా శిక్షణ పొందినవారిలో కూడా మానేసిన తొలి మూడు వారాల్లో ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం సుమారు 7 శాతం పడిపోయింది. దీనికి రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు 1980లలో చేసిన ప్రయోగాల్లో దారి కనబడుతుంది. వారానికి ఆరు రోజుల సాధనను రెండు రోజులకు తగ్గించినా 15 వారాల పాటు ఆ సామర్థ్యం నిలిచింది. తీవ్రత తగ్గించినవారిలో మాత్రం పడిపోయింది. కాబట్టి యాత్ర నెలలో మైదానానికి వారానికి రెండు రోజులే వెళ్లినా, ఆ రెండు రోజులూ పాత వేగంతోనే నడవండి.