బొటనవేలి ప్రయాణం

"మాస్టారూ, మాడుగుల హల్వా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. ఫోన్లలో చూసేవాళ్లు బోలెడుమంది, కొనేవాళ్లే లేరు. కొనే బటన్‌కి ఎరుపు వేస్తే కలిసొస్తుందంటున్నారు, నిజమేనా?" అని సీతమ్మధార నుంచి ఒకావిడ అడిగారు.

దుకాణం గుమ్మం తూర్పుకి తిప్పితే బేరాలు పెరుగుతాయంటారే, ఇదీ ఆ బాపతే. చుట్టుపక్కల రంగుల్లో కలిసిపోకుండా కనబడితే చాలు. వాళ్ల సైటు తెరిచి చూశాను. బటన్ పై మూలన కందిగింజంత ఉంది, మహా అయితే 6 మిల్లీమీటర్లు. మద్దిలపాలెంలో గాజువాక బస్సెక్కి, ఒక చేత్తో రాడ్ పట్టుకుని నిలబడ్డవాడి సంగతేంటి? మిగిలింది ఒక్క బొటనవేలు. 2013లో స్టీవెన్ హూబర్ అనే డిజైనర్ 1,333 మంది ఫోన్ వాడకాన్ని గమనిస్తే, తెరని తాకుతూ కనబడ్డవాళ్లలో 49 శాతం మంది ఒంటిచేత్తోనే వాడుతున్నారు.

ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ అమ్మేవాళ్లని చూడండి. మరమరాల డబ్బా పెద్దది, చేతికిందే ఉంటుంది. ఉల్లితరుగు దాని పక్కన. కళ్లు మన మీద, చెయ్యి డబ్బాలో. ఆ అమరికకి లెక్క కట్టినవాడు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్. 1954లో రెండు లోహపు పలకలు పెట్టి, చేతిలో పుల్లలాంటి లోహపు కడ్డీతో వాటిని మార్చి మార్చి తట్టించాడు. పలకలు దూరమైనా, సన్నబడినా సమయం పెరిగింది. ఎంత పెరిగిందన్నదే అసలు తమాషా.

చెయ్యి ఒక్క దూకులో గురి చేరదనుకోండి. ఒక అంగ వేస్తుంది, మిగిలిన దూరంలో సగం దిద్దుకుంటుంది, మళ్లీ సగం. బటన్ మధ్యనుంచి అంచు దాకా ఉన్న మేర, అంటే సగం వెడల్పులోకి వచ్చేదాకా ఇదే పని. హల్వా బటన్ బొటనవేలికి 96 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. సగం వెడల్పు 3. 96, 48, 24, 12, 6, 3. అయిదు సగాలు. అదే బటన్‌ని 48 దూరానికి దింపి, 12 వెడల్పు చేస్తే? 48, 24, 12, 6. మూడే! సగాలు ఎన్నుంటే సమయం అంత. ఎన్నిసార్లు సగం చెయ్యాలన్న ఈ లెక్కే 2 ఆధారంగా తీసే సంవర్గమానం. ఇంటర్‌లో లాగరిథమ్ పట్టికలు బట్టీ పట్టించారు కానీ, అది సగాల లెక్క అని ఒక్కరూ చెప్పి చావలేదు.

దీంట్లోంచే ఇంకోటి. దూరం రెట్టింపైనా వెడల్పూ రెట్టింపైతే కష్టం అంతే. పైనే ఉంచాలనుకుంటే పెద్దది చెయ్యాలన్నమాట. అయితే వెడల్పంటే వేలు వచ్చే దిశలో కొలిచేది. నిలువుగా వచ్చే వేలికి తెర అంతా పరిచిన సన్నటి పట్టీ వల్ల లాభం లేదు, ఎత్తు కావాలి. పైగా ఫిట్స్ కడ్డీ మొన సన్నం. మన వేలు బటన్‌నే కప్పేస్తుంది. అందుకే బటన్ సైజు ఆపిల్ 44 పాయింట్లు, గూగుల్ 48 డీపీ (సుమారు 9 మిల్లీమీటర్లు) కంటే తగ్గొద్దంటాయి; పాయింటు, డీపీ అంటే తెర మీది కొలతలు. జూన్‌లో మన విశాఖ చెమట వేళ్లకి అదీ చాలదని నా అనుమానం.

చివర్లో కొరియర్ ఛార్జీ బయటపెట్టినా జనం పారిపోతారు, పది గడులు నింపమన్నా అంతే. అవి తెలిసిన సంగతులే.

ఈ సూత్రాన్నే తలకిందులు చేసేవాళ్లున్నారు. ప్రకటన మూసే ఇంటూ గుర్తు చీమ తలకాయంత ఎందుకుంటుందనుకున్నారు? 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి 13 మాయల్ని జాబితా కట్టి నిషేధించింది. ఇంటూ నొక్కితే ఇంకో ప్రకటన తెరుచుకోవడం కూడా అందులోకే వస్తుంది.

బటన్‌ని కిందికి దింపి, ఎత్తు పెంచమని ఆవిడకి రాశాను. దింపారట. ఎరుపు కూడా వేశారట, అత్తగారి మాట కాదనలేక.